ఖాతాల రాసుకో, సేటూ!

కాజీపేట అంటే మీలో చాలామందికి ఒక రైల్వే ప్లాట్‌ఫారమ్. ఢిల్లీ నుంచి వచ్చినా, విజయవాడ నుంచి వచ్చినా, సికింద్రాబాదు నుంచి వచ్చినా రైలు అక్కడ కాసేపు ఆగుతుంది. వెనుకటి రోజుల్లో అయితే మరచెంబు పట్టుకుని నీళ్ళకోసం దిగిన మగమహారాజు రైలు కదిలాక పరుగెత్తుకొచ్చి ఎక్కడం, అప్పటిదాకా కిటికీ దగ్గర ఇల్లాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడం... ఇదీ కాజీపేట! స్టేషను దాటి వూళ్ళోకి వచ్చి చూసినవాళ్ళు తక్కువ. నేను ఆ రైల్వే కాలనీలో పెరిగినదాన్ని. కాబట్టి వూళ్ళో వున్నదేమిటో నేను చెబుతాను. కంగారు పడకండి, వరంగల్ పక్కనే వున్నా కాకతీయుల జోలికి పోను. నేను చెప్పబోయేది ఒక కిరాణం దుకాణం సంగతి.

కోస్తాలోని నా స్నేహితురాళ్ళు "పచారీ కొట్టు" అంటారు. మా వైపు "కిరాణం". మాట వేరైనా వాసన ఒకటే. బెల్లం, ఎండుమిర్చి, గోనెసంచి, కిరసనాయిలు కలిసి గుమ్మం ఎక్కకముందే ముక్కుకు తగిలే వాసన. ఇప్పటి చల్లటి గాజుతలుపుల దుకాణాల్లో ఏ వస్తువుకీ వాసన లేదు. ఇంటికొచ్చి కవరు కత్తిరిస్తేగాని అది ధనియాలో జీలకర్రో ముక్కు చెప్పదు.

దుకాణం పేరు రాయను. వాళ్ళ మనవలు ఇప్పటికీ వ్యాపారంలోనే వున్నారు. ఒకరి ఖాతా పుస్తకంలో సంగతులు పదిమందిలో చదవడం పద్ధతి కాదు గదా!

రైలు లేకపోతే ఆ దుకాణం లేదు. నిజాం రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చింది. 1886లో వరంగల్ దాకా, 1889లో బెజవాడ దాకా సాగింది. అప్పటికి కాజీపేట ఖాజీగారి పేరున వెలసిన చిన్న వూరు. 1856లో కన్నుమూసిన అఫ్జల్ బియాబానీగారి దర్గా వుంది, ఏటా ఉర్సు జరుగుతుంది, అంతే. వూరి రాత మారింది 1929లో. బల్లార్షా లైను పూర్తయి, ఢిల్లీ-మద్రాసు దారి మా వూరి మీదుగా పడింది. జంక్షను అయ్యాక ఇంజన్ల షెడ్డు, డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూం, వరసలు వరసలుగా క్వార్టర్లు వచ్చాయి. క్వార్టర్లలోకి ఆడవాళ్ళు వచ్చారు. ఆడవాళ్ళు వచ్చాక పొయ్యి వెలగాలి. పొయ్యి వెలగాలంటే ఉప్పూ పప్పూ కావాలి.

పల్లెల్లో అంతకుముందే షావుకార్లు లేరా అంటే వున్నారు. అయితే అక్కడి ఖాతా పంటకు ముడిపడి వుండేది. ఏడాది పొడుగునా తెచ్చుకున్న ఉప్పుకూ, దీపం నూనెకూ కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు లెక్క తీర్చాలి. గింజలు అప్పు తీసుకుంటే "నాగు" అని ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. వాన పడకపోతే ఆ లెక్క మరుసటి యేటికి, అక్కడినుంచి కొడుకు తలమీదికి. రైల్వే జీతం వచ్చాక ఈ కథ మారింది. పే క్లర్కు వచ్చి నెలకోసారి నోట్లు లెక్కపెట్టి చేతిలో పెడతాడు. వాన పడ్డా పడకపోయినా జీతం జీతమే! పంటను నమ్మి అప్పిచ్చే షావుకారుకు రోజూ ఆకాశంకేసి చూడటమే పని. జీతాన్ని నమ్మిన షావుకారు క్యాలెండరు చూస్తే చాలు. వైశ్య కుటుంబాలూ, మార్వాడీలూ, కొందరు ముస్లిం వర్తకులూ స్టేషను చుట్టూ చేరి దుకాణాలు పెట్టుకోవడానికి కారణం ఈ భరోసాయే.

కాలనీలో అన్ని ప్రాంతాల వాళ్ళూ వుండేవాళ్ళు. అరవవాళ్ళకు కాఫీగింజలు, మలయాళీలకు కొబ్బరినూనె, ఉత్తరాది వాళ్ళకు గోధుమపిండి, ఆంగ్లో ఇండియన్ ఇళ్ళకు టీపొడి, బిస్కెట్ల డబ్బాలు. పల్లె నుంచి వచ్చి కూర్చున్న సేటు పదేళ్ళు తిరిగేసరికి అయిదు భాషల్లో "రేపు ఇస్తా" అనే మాటకు అర్థం నేర్చుకున్నాడు.

రైల్వే వూరి దుకాణాలకే ప్రత్యేకమైన సరుకు ఒకటుంది. డ్యూటీకి "లైనుమీద" పోయే డ్రైవర్లూ ఫైర్‌మన్లూ గార్డులూ ఏ రాత్రికి ఎక్కడ తేలతారో తెలియదు. అక్కడి రన్నింగ్ రూంలో వంటమనిషి వుంటాడు. వండి పెడతాడు గాని సరుకు మనదే. అందుకని ఒక మనిషికి ఒక పూటకు సరిపడా బియ్యం, పిడికెడు కందిపప్పు, చిటికెడు పసుపు, నాలుగు ఎండుమిరపకాయలు, చిన్న చింతపండు వుండ విడివిడిగా పొట్లాలు కట్టి ఇచ్చేవాళ్ళు. బొమ్మరిల్లు సరుకులాగా ముచ్చటగా వుండేవి! అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తాతను లేపితే, నాయనమ్మ చీకట్లో చేత్తో తడిమి ఆ పొట్లాలు తాత పెట్టెలో సర్దేదట. దీపం వెలిగిస్తే పిల్లలు లేస్తారని.

ఆ పొట్లాలు కట్టిందెవరనుకున్నారు? సేటు కాదు. దుకాణం వెనకాల ఇల్లు. మధ్యన ఒక చిన్న తలుపు. తలుపుకు ఇవతల త్రాసూ, గల్లాపెట్టే, సేటూ. అవతల సేటమ్మ, ఆమె అత్త, ఇద్దరు తోడికోడళ్ళు. చింతపండు గింజ తీయడం, బియ్యంలో మెరిగెలు ఏరడం, చేటతో కందిపప్పు చెరగడం, కారం దంచడం, పాత కాగితాలకు గంజి పూసి సంచులు అంటించడం, అంతా వాళ్ళే. సంక్రాంతికి సకినాలు చేసుకునే ఇళ్ళకు నువ్వులూ వామూ బాగుచేసి పెట్టాలి. సద్దుల బతుకమ్మ ముందు పల్లీలు, పుట్నాలపప్పు, బెల్లం సిద్ధం చేయాలి. పచ్చళ్ళ కాలంలో ఎర్రగా, లావుగా, టమాటాలాగా వుండే మన వరంగల్ చపాటా మిర్చి రావాలి. దానికి కారం తక్కువ, రంగెక్కువ. ఈమధ్య, 2025లో, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిందని చదివి సంతోషించాను. ఎంతమంది ఆడవాళ్ళ ముక్కులు మండితే వచ్చిన గుర్తింపో!

పొట్లాల మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. నేను మొట్టమొదట చదివిన సీరియల్ నవల పసుపు పొట్లం మీదిదే. నాయిక ఉత్తరం విప్పింది, ముఖం పాలిపోయింది... అక్కడికి కాగితం చిరిగింది. మిగతా సగం ఏ ఇంటికి ఏ పొట్లంగా పోయిందో! తరవాత ఏం జరిగివుంటుందా అని రెండురోజులు నేనే ఊహించుకున్నాను. నవలలు రాయడం ఎక్కడ నేర్చుకున్నారని అడిగినవాళ్ళకు కాలేజీ పేరు చెబుతుంటాను గాని, అసలు గురువు ఆ పొట్లమే.

ఇక డబ్బు సంగతి. పైపెచ్చు చూస్తే కిరాణం వ్యాపారం సులువు. కొన్నదానికంటే నాలుగు పైసలు ఎక్కువకు అమ్మడమే గదా అనిపిస్తుంది. నిజాం కాలంలో ఆ నాలుగు పైసలు ఎన్ని మలుపులు తిరిగేవో చూడండి. రాజ్యంలో నడిచేది హాలీ సిక్కా. సరిహద్దు అవతల ఇంగ్లీషువాళ్ళ కల్దార్ రూపాయి. ఆరు కల్దార్‌లకు ఏడు హాలీ రూపాయలు. బెజవాడనుంచి సరుకు తెస్తే కల్దార్‌లో కొనాలి, సరిహద్దులో కరోడ్‌గిరి వాళ్ళకు సుంకం కట్టాలి, కాజీపేటలో హాలీలో అమ్మాలి. బడికి పోని సేటు నోటితోనే ఈ లెక్క కట్టేవాడు. బి.ఏ. చదివిన నేను కాగితం మీద వేసినా రెండుసార్లు సరిచూసుకోవాలి.

సముద్రం లేని రాజ్యం గనుక ఉప్పు బయటనుంచే రావాలి. మామూలు రోజుల్లో ఉప్పు బస్తాకు విలువే లేదు. రాత్రిపూట కూడా దుకాణం అరుగుమీదే వుండేది, ఎవరూ ముట్టేవాళ్ళు కాదు. 1948లో హైదరాబాదుకూ ఢిల్లీకీ మధ్య మాటలు చెడి సరుకులు ఆగిపోయినప్పుడు ఆ బస్తా లోపలికి వెళ్ళింది. ఆపైన తలుపు గడియ! అన్నం మానుకోవచ్చు గాని ఉప్పులేని అన్నం తినలేమని మా నాయనమ్మ వాళ్ళ అమ్మ అనేదట. సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక బస్తా మళ్ళీ అరుగుమీదికి వచ్చింది. వూళ్ళో ఆడవాళ్ళకు రాజ్యం మారిందన్న సంగతి దాన్ని చూశాకే నమ్మకంగా తెలిసిందంటే అతిశయోక్తి కాదు.

ఆ తరవాత పదేళ్ళలో లెక్కలు ఎన్నిసార్లు మారాయో! 1950 నుంచి భారత రూపాయి వచ్చింది. హాలీ కూడా 1959 దాకా దాని పక్కనే నడిచింది. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అణాకు ఆరు నయాపైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పందొమ్మిది, పావలాకు ఇరవై అయిదు. ఇక్కడ వుంది తిరకాసు. అణా అణాగా పదహారుసార్లు కొంటే తొంభైఆరు పైసలే అవుతాయి. రూపాయికి నాలుగు పైసలు మిగలాలి. మిగిలాయా? "చిల్లర లేదమ్మా" అనే మాట అప్పుడే పుట్టివుంటుందని నా అనుమానం.

అది సర్దుకుందో లేదో, 1958 అక్టోబరు నుంచి కిలోలు మొదలయ్యాయి. అంతవరకూ సేరు, పావుసేరు, నవటాకు, ఛటాకు. ఎనభై తులాల సేరంటే ఇప్పటి లెక్కలో 933 గ్రాములు. కిలో దానికంటే 67 గ్రాములు ఎక్కువ. కాబట్టి సేరు ధరకంటే కిలో ధర పెరగడం న్యాయమే. కాని అది ఇల్లాలికి ఎవరు చెప్పాలి? నిన్నటి ధరమీద ఇవాళ ఎక్కువ అడుగుతున్నాడంటే సేటు మోసగాడే! కొత్త గుండ్లమీద సర్కారు ముద్ర చూపించినా నమ్మలేదట. కొందరు ఇంటినుంచి తమ సోలా తవ్వా తెచ్చి కొలిచి చూసుకునేవాళ్ళు. ఆ కాలపు సేట్లందరూ ధర్మరాజులని నేననను. తూకంలో చూపుడువేలు కాస్త బరువెక్కడం, మిరియాల్లో బొప్పాయిగింజలు తిరగడం అందరికీ తెలిసినవే. ఇత్తడి బిందెలూ, వెండి కడియాలూ కుదువపెట్టించుకుని, విడిపించుకోలేని వాళ్ళవి తన ఇంట్లో వాడుకున్న దుకాణాలూ వున్నాయి.

అయినా ఖాతా అనేదే లేకపోతే కాలనీ ఇళ్ళు నెల చివరి పది రోజులు గడిచేవి కావు. ఎర్రగుడ్డ అట్ట, నిలువుగా పొడుగ్గా వుండే పుస్తకం. దీపావళినాడు లక్ష్మీపూజ చేసి, పసుపు కుంకుమలు పెట్టి కొత్తది తెరుస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో పుట. పైన ఇంటాయన పేరు, ఆయన ఉద్యోగం. ఆయన ఆ పుట ముఖం కూడా చూసివుండడు. సరుకు తెచ్చేది ఇల్లాలు, లేదా చేతిలో సంచీతో పిల్లలు. "ఖాతాల రాసుకో సేటూ, అమ్మ చెప్పమన్నది" అని మేము ఎన్నిసార్లు అరిచామో! నెలాఖరున ఎంతయిందో చెప్పేది సేటయినా, ఎందుకంత అయిందని మొగుడికి జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. పేరు ఆయనది, మాట ఆమెది.

ఆ మాటకు పరీక్ష 1974 మే నెలలో వచ్చింది.

దేశమంతా ధరలు మండిపోతున్న రోజులు. బోనసు, వేతనాలు, ఎనిమిది గంటల పని కావాలని రైల్వే కార్మికులు సమ్మె నోటీసు ఇచ్చారు. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2ననే అరెస్టు చేశారు. 8వ తేదీన సమ్మె మొదలైంది. సుమారు పదిహేడు లక్షలమంది పాల్గొన్న సమ్మె అది. ప్రభుత్వం గట్టిగా అణచింది. వేలమందిని జైళ్ళలో పెట్టారు, వేలమంది ఉద్యోగాలు తీసేశారు, దేశంలోని ఎన్నో రైల్వే కాలనీల్లో క్వార్టర్లు ఖాళీ చేయమని ఇళ్ళమీదికి వచ్చారు. ఇరవై రోజులు సాగి 27న ముగిసింది. పుస్తకాల్లో వున్నది ఇంతవరకే. ఆ ఇరవై రోజులూ, ఆ తరవాతి నెలలూ అన్నం ఎలా వండారన్నది ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు. మా నాయనమ్మ చెప్పింది రాస్తున్నాను.

తాత అప్పుడు ఫైర్‌మన్. అరెస్టు భయంతో మగవాళ్ళు రాత్రిళ్ళు ఇళ్ళలో పడుకునేవాళ్ళు కాదట. చుట్టాల పల్లెల్లో, మామిడితోటల్లో తలదాచుకునేవాళ్ళు. కాలనీలో మిగిలింది ఆడవాళ్ళూ పిల్లలూ. జీతం వస్తుందన్న నమ్మకం లేదు, ఉద్యోగం వుంటుందన్న నమ్మకమూ లేదు. నలభై ఏళ్ళుగా దుకాణం ఏ జీతాన్ని నమ్ముకుని నడిచిందో, ఆ జీతమే ఆగిపోయింది. సేటుకు మాత్రం ఎక్కడినుంచి వస్తుంది? ఆయనా వరంగల్ బీట్‌బజార్‌లో టోకు వర్తకుల దగ్గర అరువుకే తెస్తాడు. "రైలోళ్ళ వూరికి ఇప్పుడు అరువు లేదు" అని అక్కడ చేతులెత్తేశారు. మూడో రోజునో నాలుగో రోజునో సేటు ఖాతా పుస్తకం మూసి గల్లాపెట్టె మీద పెట్టాడు. నగదుంటేనే సరుకు.

ఆరోజు నాయనమ్మ సంచీ పట్టుకుని నిలబడింది. వెనక ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఎవరూ పోట్లాడలేదు, ఎవరూ వెళ్ళిపోలేదు. మధ్య తలుపు తీసుకుని సేటమ్మ వచ్చిందట. అన్నేళ్ళలో ఆమె త్రాసు పక్కకు రావడం అదే మొదటిసారి.

"పుస్తకం తెరువుండ్రి. వీళ్ళు యాడికి పోతరు? మనం యాడికి పోతం?" అన్నది మొగుడితో. అంతే. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఇది విని మీరు పొంగిపోకండి. అది దయ ఒక్కటే అని నేననుకోను. వ్యాపారం ఎరిగిన మనిషి మాట అది. కాలనీ ఖాళీ అయితే పాత బాకీలన్నీ మునుగుతాయి, దుకాణమూ మూతపడుతుంది. ఆ సంగతి మొగుడికంటే ముందు ఆమెకు తట్టింది. సరుకు ఇచ్చారు, చూసి చూసి. కందిపప్పు బదులు పెసరపప్పు, కిలో బదులు అరకిలో. చక్కెర పసిపిల్లలున్న ఇళ్ళకే. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలో, ఎవరు బాలింతో, ఎవరికి రేషన్ కార్డు వుందో సేటమ్మకు లోపలినుంచే తెలుసు. ఆమె కేకేసి చెబితే ఆయన తూచేవాడు.

సమ్మె ముగిశాక ఆ నెల జీతంలో ఇరవై రోజులు కోత. కొందరు అయిదూ పదీ చొప్పున రెండేళ్ళు కట్టారు. ఉద్యోగాలు పోయినవాళ్ళు వూళ్ళు వదిలిపోయారు. అలాంటి వాళ్ళలో కొందరు, 1977లో జనతా ప్రభుత్వం వచ్చి మళ్ళీ పనిలోకి తీసుకున్నాక తిరిగొచ్చి బాకీ తీర్చారట. కొన్ని పుటలు అలాగే మిగిలిపోయాయి.

ఆ యేడు అక్టోబరులో బతుకమ్మ ఆడేటప్పుడు సేటమ్మ మెడ బోసిగా వుందట. ఎప్పుడూ పండక్కి వేసుకునే చంద్రహారం లేదు. ఆడవాళ్ళ కళ్ళు అవి చూడకుండా వుంటాయా? అందరూ చూశారు. ఎవరూ అడగలేదు. బీట్‌బజార్‌లో అరువు మళ్ళీ ఎలా పుట్టిందో అందరికీ అర్థమైంది. ఆనాటి ఖాతా పుస్తకంలో ప్రతి ఛటాకు చక్కెరకూ లెక్క వుంది గాని, ఆ హారం మాత్రం ఎక్కడా లేదు.

"మళ్ళా వచ్చిందా నాయనమ్మా?" అని అడిగాను.

"వచ్చింది బిడ్డా. ఒక పేట తక్కువ."

ఆ తరవాతి చరిత్ర మీరు ప్రతి వూళ్ళోనూ చూసిందే. అన్నదమ్ములు వేరుపడ్డారు, దుకాణం మధ్యన గోడ లేచింది. 1980ల మొదట్లో కాజీపేటకు రైలుపెట్టెల ఫ్యాక్టరీ వస్తుందని ఆశపెడితే, పెద్దవాడు అప్పుచేసి గోదాము కట్టాడు. ఫ్యాక్టరీ 1985లో పంజాబులో కపుర్తలాకు పోయింది. గోదాము మిగిలింది. 2023 జులైలో ప్రధాని వచ్చి వ్యాగన్ల తయారీకి శంకుస్థాపన చేసినప్పుడు ఆయన మనవడు "గోదాముకు సున్నం వేయించాలి" అన్నాడు నవ్వుతూ. ప్యాకెట్ల సరుకు వచ్చాక చేటకు పని తప్పింది, మధ్య తలుపు ఇటుకలతో మూసేశారు. ఇప్పుడు అటువైపు చిన్న సూపర్ బజారు, ఇటువైపు పాత దుకాణం. రెంటిలోనూ గల్లా పక్కన ఫోనుతో డబ్బు కట్టే చదరపు బొమ్మ అంటించి వుంది. పాత దుకాణంలో మాత్రం ఎర్ర అట్ట పుస్తకం ఇంకా నడుస్తోంది. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్ళకోసం. వాళ్ళలో ఎక్కువమంది భర్తలు పోయి ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే ఆడవాళ్ళే. బ్యాంకు పుస్తకం మీద ఇప్పుడు వాళ్ళ పేర్లే వున్నాయి.

మా నాయనమ్మ పోయేదాకా అక్కడే ఖాతా. తాత ఫైర్‌మన్ నుంచి డ్రైవరయ్యాడు, రిటైరయ్యాడు, ఆపైన పదేళ్ళకు కాలం చేశాడు. ఆమె పుట మీద మాత్రం "ఫైర్‌మన్ భార్య" అనే వుండేది. ఒకసారి ఆమెకే విసుగొచ్చి, "ఇగనన్న నా పేరు రాయరాదు?" అని సేటు కొడుకును అడిగిందట.

అతను కలం తీసి, తలెత్తి, "రాస్త అవ్వా. నీ పేరేంది?" అన్నాడట.